పెంకుల మీది పన్ను ముక్క

కిందటి నెలలో మా మనవరాలు గోళ్ల రంగు సీసా మూత బిగుసుకుపోయిందని పళ్లతో తిప్పబోయి ముందు పన్ను కొస విరగ్గొట్టుకుంది. దేవుడు పళ్లిచ్చింది మూతలు తీయడానికేనని ఈ కాలం పిల్లల నమ్మకం. వాళ్లమ్మ ఆఫీసులో ఉంది కాబట్టి, ఏడుపు మొహంతో ఉన్న పిల్లను వెంటబెట్టుకుని డెబ్బై ఆరేళ్ల నేనే బయలుదేరాను. మేముండేది వనస్థలిపురం. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ఒక చీరల దుకాణం పైన రెండో అంతస్తులో ఉన్న పళ్ల ఆసుపత్రికి చేరేసరికి నా మోకాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. చెయ్యి మెత్తన, మాట ఇంకా మెత్తన. కింద దుకాణంలో చీరలు విప్పి పరిచినట్టే ఆమె మా మనవరాలి ముందు మార్గాలన్నీ పరిచింది. విరిగింది కొసే కాబట్టి నున్నగా సానబట్టి వదిలెయ్యవచ్చునట. లేదంటే పంటి రంగు మందు అద్ది, నీలి దీపం చూపిస్తే క్షణాల్లో రాయిలా గట్టిపడుతుందట. అందం బాగా పట్టించుకునేవాళ్లయితే పంటి ముందు భాగానికి పలుచని పింగాణీ రేకు అతికించుకుంటారట. సగానికి సగం విరిగినవాళ్లకైతే పన్ను చుట్టూ అరగదీసి తొడుగు వేయాలట. ఇంత చెప్పి, ఉన్నట్టుండి, "విరిగిన ముక్క తెచ్చారా? పాలల్లో వేసి తెస్తే ఒక్కోసారి దాన్నే అతికించేస్తాం" అంది. చెత్తబుట్టలో పడేశానని మా పిల్ల నసిగింది. నేను పకపకా నవ్వేశాను. మనవరాలు సిగ్గుతో చచ్చిపోయింది, డాక్టరమ్మ నాకేదో అయిందనుకుంది. నాకేమీ కాలేదు. ముక్క ఏదని ఒక పళ్ల డాక్టరు అడగడం నేను రెండోసారి వింటున్నాను, అంతే. మొదటిసారి విన్నది అరవై తొమ్మిదిలో, ఇదే రోడ్డు మీద, బహుశా అక్కడికి నాలుగడుగుల దూరంలో.

మన ఈడువాళ్లకు అరవై తొమ్మిది, ప్రత్యేక రాష్ట్రం ఉద్యమం అంటే ఇంకేమీ చెప్పనక్కర్లేదు. కాలేజీలు మూతపడి, పిల్లల చదువుల్లో ఒక ఏడాది గల్లంతైపోయిన రోజులవి. ఎక్కడ చూసినా ఊరేగింపులు, కర్ఫ్యూలు; పొద్దున వెళ్లిన మగపిల్లాడు సాయంత్రం తిరిగొచ్చేదాకా ఇంట్లో ఆడవాళ్లకు ముద్ద దిగేది కాదు. అప్పటి దిల్‌సుఖ్‌నగర్ అంటే బెజవాడ రోడ్డుకు అటొక వరస, ఇటొక వరస ఇళ్లు. ఎల్బీనగర్ అన్న పేరు ఇంకా మా నోళ్లకు అలవాటు కాలేదు. అటంతా జొన్నచేలు, రాళ్లగుట్టలు, సీతాఫలం పొదలు. ఇప్పుడక్కడ రోడ్డు దాటాలంటే నాకు ఒక మనిషి తోడు కావాలి.

మాది పోచంపల్లి దగ్గర నేతపని ఇల్లు. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. బాపు మా అక్కాతమ్ముళ్ల చదువుల కోసం పట్నం వచ్చి, రోడ్డు వారన ఒక పొడవాటి పెంకుటింట్లో వెనక భాగం కిరాయికి తీసుకున్నాడు. ఇంటాయనను బతిమాలి, వెనక గదిలో గుంట తవ్వించి మగ్గం కూడా దింపాడు. బాపు, నాయనమ్మ, నేను, నాకంటే రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు, ఇంతే మా సంసారం. ఇంటి ముందు భాగంలో గుంటూరు వైపు నుంచి వచ్చిన పళ్ల డాక్టరు గారు, ఆయన భార్య ఉండేవారు. రోడ్డు మీదికున్న గదే ఆయన దవాఖాన. గుమ్మం మీద నవ్వుతున్న పలువరస బొమ్మ వేసిన రేకు బోర్డు ఉండేది. ఆ అమ్మగారు పచ్చళ్లు పెడితే మాకొక జాడీ రావలసిందే. ఆవిడ "అమ్మాయ్" అని పిలిచే తీరును మా నాయనమ్మ వెనకాల వెక్కిరించేది, జాడీ మాత్రం నాకి పెట్టేది.

నేను పంతులమ్మ శిక్షణ ముగించి ఇంట్లో కూర్చుని ఉన్నాను. బందుల వల్ల నూలు రాక మగ్గం సగం రోజులు ఖాళీగా ఉండేది. అలాంటప్పుడు మలక్‌పేట వైపు ఒక ఆడపిల్లల బడి నుంచి కబురొచ్చింది. బడులు తెరిచేనాటికి ఒక పంతులమ్మ కావాలి, మూడు వారాల్లో వచ్చి పెద్దల ముందు ఒక పాఠం చదివి వినిపించాలి అని. ఆ ఉద్యోగం వస్తే ఇల్లు గట్టెక్కుతుంది. ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడ్డవాడు తమ్ముడు. వాడు ఊరేగింపుల్లో గొంతు చించుకుని అరిచేది అందుకేగదా, మా ఉద్యోగాలు మాకు రావాలని. వాడి దృష్టిలో ఉద్యమమంటే మా అక్కకు ఉద్యోగం రావడమే.

ఒక మధ్యాహ్నం, గుంటూరు, బెజవాడల వైపు నుంచి వచ్చినవాళ్ల బోర్డులకు తారు పూస్తూ కుర్రాళ్లు వస్తున్నారని పక్కింటివాళ్లు చెప్పిపోయారు. డాక్టరు గారు సరూర్‌నగర్‌లో ఎవరినో చూడటానికి వెళ్లారు. లోపల ఆ అమ్మగారు ఒక్కరే, తలుపు గడియ పెట్టుకుని దేవుడి పేర్లు చదువుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ పలువరస బొమ్మ ఎవరి ఉద్యోగం తిన్నది? బోర్డు లేకపోతే తారూ ఉండదు గదా అని స్టూలు వేసుకుని ఎక్కాను. కొక్కేలు తప్పించి బోర్డు చేతుల్లోకి తీసుకున్నానో లేదో, వాళ్లు రానే వచ్చారు. కంగారులో బోర్డును మొహానికి అడ్డం పెట్టుకున్నాను. దాని పైనుంచి చూస్తే రెండో వరసలో మా తమ్ముడు, చేతిలో రాయి. వాడికి కనిపించింది బోర్డే, దాని వెనక నేను కనబడలేదు. రాయి రేకుకు తగిలింది, రేకు అంచు నా నోటికి తగిలింది. ఇంకెవరిదో రాయి కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. బోర్డు జారిపోయాక వాడు నన్ను చూశాడు. నా నోరంతా రక్తం. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. గుంపు ముందుకు తోసుకుంటూ వాడిని కూడా తీసుకుపోయింది.

నాయనమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను లోపలికి తీసుకెళ్లింది. పై వరసలో ముందు పన్ను సగానికి తెగిపోయింది, పెదవి చిట్లింది. బాపు వచ్చి అడిగితే స్టూలు మీంచి బోర్లా పడ్డానని చెప్పాను. నిజం చెబితే బాపు వాడిని ఇంట్లో ఉండనివ్వడు. పోలీసులకు తెలిస్తే ఎక్కడ ఉంచుతారో చెప్పలేం. సాయంత్రం డాక్టరు గారు వచ్చాక ఆయనకూ అదే చెప్పాను. ఆయన "అలాగా" అని మాత్రం అన్నారు. ఆయన ఎప్పుడూ చెప్పులు బయట విడిచి దవాఖాన గదిలోకి వట్టి కాళ్లతోనే వెళ్లేవారు. ఊడ్చినా మిగిలిపోయిన గాజు పెంకు ఒకటి కుడి పాదంలో లోతుగా దిగింది. నా పెదవికి మందు రాసిన చేత్తోనే తన కాలికి కట్టు కట్టుకున్నారు.

మర్నాటికి నా పెదవి బూరెలా ఉబ్బింది. డాక్టరు గారు దీపం పట్టి చూసి, విరిగిన ముక్క ఏదమ్మా అని అడిగారు. మాకెవరికీ తెలియదు. ఆయన మొహం గంభీరమైపోయింది. ఇలాంటి దెబ్బల్లో ముక్క ఒక్కోసారి పెదవి లోపలే ఇరుక్కుంటుందట, అలా వదిలేస్తే చీము పడుతుందట, ముక్క దొరకకపోతే పెదవి కోసి వెతకాల్సిందేనట. పళ్లెంలో ఆయన సర్దుతున్న కత్తి చూసి నేను నోరు గట్టిగా మూసుకున్నాను. గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న తమ్ముడు వెనక్కి పరుగెత్తాడు. రాత్రి నుంచి ఎవరితోనూ మాట్లాడనివాడు నాయనమ్మ భుజాలు పట్టుకుని కుదిపేశాడట.

"ముసలీ, అక్క పన్ను ముక్క నువ్వేమన్న జూసినవా?"

"జూసుడేంది, పెంకుల మీద ఏసిన. కొత్త పన్ను రావద్దా మరి?"

నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. మన ఇళ్లల్లో పాలపళ్లు ఊడితే ఇంటి కప్పు మీద విసరని పిల్ల ఎవరు? మా నాయనమ్మకు పాలపన్ను, ఇరవై ఏళ్ల దాని పన్ను అన్న తేడా ఏమీ లేదు. నూలు పోగులు కొరికి కొరికి ఆవిడ ముందు పంటికి ఒక నొక్కు పడింది, దాన్ని ఆవిడ ఎప్పుడూ లోపమనుకోలేదు. నా పన్ను మాత్రం మళ్లీ మొలవాలని మొక్కుకుని మరీ విసిరింది.

తమ్ముడు కప్పెక్కాడు. ఎండాకాలం, పెంకులు పెనంలా కాలుతున్నాయి. ఒక్కొక్క పెంకు ఎత్తి, దులిపి, మళ్లీ పెట్టి, ఇంటాయన కింద నుంచి తిడుతుంటే వినిపించుకోకుండా, రెండు గంటలు వెతికాడు. పదో పన్నెండో పెంకులు పగిలాయి గానీ ముక్క దొరికింది. అరచేతిలో పెట్టుకుని వచ్చి డాక్టరు గారి ముందు చెయ్యి చాపాడు. ఆయన ముక్కను చూశారు, బొబ్బలెక్కిన ఆ అరచేతిని చూశారు, గోళ్ల సందుల్లో నల్లగా మిగిలిన తారును కూడా చూశారు. ముక్కను కడిగి నా పంటికి ఆనించి, సరిగ్గా సరిపోయింది, లోపలేమీ లేదు అని కత్తి పక్కన పెట్టేశారు. ఆ క్షణాన నేను వదిలిన ఊపిరి రోడ్డు దాకా వినబడి ఉంటుంది.

ఆ ముక్కను అతికించే విద్య అప్పట్లో ఆయన దగ్గర లేదు. ఉన్న మార్గాలు ఆయన ఓపిగ్గా చెప్పారు. అంచు సానబట్టి వదిలెయ్యొచ్చు, కానీ సగం పన్నే ఉంటుంది. పిప్పి పళ్లు నింపే సిమెంటు పెడితే ఆ మూలన నిలవదు, నాలుగు ముద్దలకే రాలిపోతుంది. పన్ను పీకేసి కట్టుడు పన్ను పెట్టొచ్చు, కానీ నరం బయటపడని పన్నును పీకడానికి ఆయనకు మనసొప్పలేదు. "బంగారి పన్ను పెట్టు డాక్టర్ సాబూ, సచ్చేదాక ఉంటది" అని నాయనమ్మ సలహా. చివరిది, పన్ను చుట్టూ అరగదీసి పంటి రంగు ప్లాస్టిక్ తొడుగు వేయడం. అదే మంచిదని ఆయన అన్నారు. నాకూ అదే కావాలి. ఎందుకంటే ఆ సందులోంచి గాలి పోయి, "స" అన్నప్పుడల్లా సన్నని ఈల వచ్చేది. మా సరూర్‌నగర్ పేరు కూడా ఈల లేకుండా అనలేకపోయేదాన్ని. అలా చదివితే ఏ బడివాళ్లు ఉద్యోగమిస్తారు, ఏ పిల్లలు నవ్వకుండా వింటారు?

అయితే వాళ్లు ఆ ఆదివారమే ఊరికి వెళ్లిపోతున్నారు. రాళ్లు పడ్డ మర్నాడే ఆ అమ్మగారు పెట్టెలు కట్టేశారు. ఆవిడ భయం ఆవిడది, ఎవరు కాదంటారు? నా పని చేయాలంటే తక్కువలో తక్కువ పది రోజులు ఉండాలి. డాక్టరు గారు భార్యను పక్కకు పిలిచి ఏం చెప్పారో గానీ, ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, కట్టిన పెట్టెల్లోంచి గిన్నెలు మళ్లీ బయటికి తీశారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇంకొక చిక్కు మిగిలింది. పన్ను అరగదీసే యంత్రం కాలితో తొక్కేది. కుట్టు మిషనులాగే కింద చెక్క, పక్కన చక్రం, చక్రానికి తాడు, ఆ తాడు తిప్పితే తిరిగే సన్నని ముల్లు. కాలు తొందరపడితే పన్ను వేడెక్కుతుంది, కాలు ఆగితే ముల్లు పట్టేసి పన్ను అదురుతుంది. ఆయన కుడి పాదానికేమో కట్టు, నేల మీద ఆనిస్తేనే నొప్పి. ఎవరు తొక్కుతారా అని ఆయన ఆలోచిస్తుంటే తమ్ముడు నేల చూపులు చూస్తూ, "నేను తొక్కుత. మగ్గం తొక్కిన కాలు, తప్పది" అన్నాడు. డాక్టరు గారు వాడిని ఒక్క క్షణం చూసి, "నా చెయ్యి సంగతి నేను చూసుకుంటాను బాబూ, కాలు సంగతి నువ్వు చూసుకో" అన్నారు.

మగ్గం తెలిసినవాళ్లకు తెలుస్తుంది, కాలు తడబడితే ఆ తప్పు బట్ట మీద పదేళ్లయినా కనబడుతుంది. బాపు వాడికి చిన్నప్పుడే గుంటలో కూర్చోబెట్టి ఆ నిలకడ నేర్పాడు. వాడు కాలేజీలో చేరాక దాన్ని నామోషీ అనుకుని మానేశాడు. ఆ మూడు రోజులు మాత్రం, మొద్దుబార్చే సూది వేయించుకుని, నోరు తెరిచి, కప్పు పెంకులు లెక్కపెడుతూ నేను కూర్చుంటే, పక్కన టక్ టక్ మని ఒకే తీరున వాడి కాలు. తొక్కినంతసేపూ వాడు తల ఎత్తలేదు. చెమటో, కన్నీళ్లో, గడ్డం మీంచి కారుతుండేవి. నాకూ ఏడుపొచ్చింది. డాక్టరు గారు నొప్పేమోనని ఆపబోతే, చెయ్యి ఊపి కానివ్వమన్నాను.

తొడుగు ఆయనే స్వయంగా పొడి కలిపి, పోతపోసి, పక్క పంటి రంగుకు తెచ్చి, రెండుసార్లు నచ్చక పారేసి, మూడోది వేశారు. అద్దంలో చూసుకుని, మొదట అన్న మాట "సరూర్‌నగర్". ఈల లేదు. అందరం నవ్వాం, తమ్ముడు తప్ప. నాయనమ్మ మాత్రం పాత ముక్క అడిగి తీసుకుని, తన నమ్మకం తనదన్నట్టు మళ్లీ పెంకుల మీదికే విసిరింది.

నా పాఠం చదువు బాగా జరిగింది, ఉద్యోగం వచ్చింది. ఆ కబురు విని డాక్టరు గారి భార్య నా నోట్లో చక్కెర పోసి, ఆ సాయంత్రమే పెట్టెలు మళ్లీ కట్టుకున్నారు. మర్నాడు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు, తమ్ముడు ట్రంకుపెట్టె మోసుకుంటూ కాస్త ముందు నడుస్తున్నాడు. డాక్టరు గారు నెమ్మదిగా కుంటుతూ నా పక్కన ఆగి, స్టూలు మీంచి పడ్డ పన్ను అలా తెగదమ్మా, నాకు మొదటి రోజే తెలుసు అన్నారు. మరి ఎందుకు అడగలేదండీ అన్నాను.

"అడిగితే నువ్వు మళ్లీ అబద్ధం చెప్పాల్సి వచ్చేది" అన్నారు ఆయన. "వాడి కాలు నిలకడైనదమ్మా. చదువు మాన్పించకండి."

బస్సు ఎల్బీనగర్ వైపు దుమ్ములో కలిసిపోయేదాకా మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. తరువాత రెండు ఉత్తరాలు వచ్చాయి, ఆ పైన రాలేదు. నేను ముప్పై అయిదేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. తమ్ముడు చదువు పూర్తిచేసి ఉద్యోగస్తుడయ్యాడు, ఇల్లు కట్టాడు, తాత కూడా అయ్యాడు. ఆ రాయి గురించి వాడు నాతో ఒక్క మాట అనలేదు, నేనూ వాడితో అనలేదు. కానీ ఏ ఫొటో తీయించుకున్నా వాడి చూపు ముందు నా పంటి మీదికే పోయేది. తొడుగు అరిగిపోయి రెండుసార్లు మార్పించుకుంటే, రెండుసార్లూ ఎట్లా తెలిసేదో వచ్చి, ఆసుపత్రి బయట బల్ల మీద కూర్చునేవాడు. నేను బయటికి రాగానే, "ఎట్ల ఉందక్కా, నొప్పున్నదా?" అని ఒకే ప్రశ్న. ముందటేడు పోయాడు.

ఆ రోజు మా మనవరాలి పని అరగంటలో అయిపోయింది. నీలి దీపం చూపించారు, పన్ను మునుపటిలా అయింది. పిల్ల ఫోనులో తన నవ్వు తానే చూసుకుంటుంటే, డాక్టరమ్మ నన్ను కూడా కుర్చీలో కూర్చోమంది. నేను నవ్వినప్పుడు నా తొడుగు కదులుతోందట, చూస్తానంది. తీసి, లోపలి పన్నును చూసి, ఆగిపోయింది. "పాత పని కదూ అమ్మమ్మా? ఎవరు చేశారో గానీ, చుట్టూ ఎంత సమంగా ఉందో! ఎక్కడా ఒక్క అదురు లేదు" అంది.

కుర్చీలో కూర్చునే ఏడ్చేశాను. ఆ పిల్ల కంగారుపడి నొప్పా అని అడిగింది. కాదమ్మా, ఇద్దరు చేశారు, ఒకరి చెయ్యి, ఒకరి కాలు అని మాత్రం చెప్పగలిగాను.

కిందికి దిగాక మనవరాలికి ఆ ఇల్లెక్కడుండేదో చూపిద్దామని చాలాసేపు చూశాను. చీరల దుకాణాలు, కోచింగు బోర్డులు, పైన రైలు. పన్ను విసరడానికి ఆ రోడ్డు పొడుగునా ఒక్క పెంకుటిల్లు లేదు. ఇప్పుడు యంత్రాలకు మన కాళ్లతో పని లేదు, పళ్లు విరిగితే అరగంటలో అతుకుతాయి, మంచిదే. నేనేమీ ఆ నొప్పులు మళ్లీ కోరుకోవడం లేదు. నా దిగులల్లా ఒక్కటే. విరగ్గొట్టింది వాడేనని నాకు తెలుసన్న మాట దాచిపెట్టడమే వాడి మీద నా ప్రేమ అనుకుంటూ యాభై ఏళ్లు గడిపేశాను. బాగుచేసింది కూడా నువ్వేరా అన్న మాట ఒక్కసారి చెప్పి ఉండాల్సింది. ఆసుపత్రి బయట బల్ల మీద కూర్చుని వాడు రెండుసార్లూ ఎదురుచూసింది, ఇప్పుడనిపిస్తుంది, ఆ ఒక్క మాట కోసమే.